బుట్ట కిందికి రాని మధ్యాహ్నం

వీధి దీపాలు బాగుచేసేవాడికి ఎత్తంటే లెక్కే లేదని జనం అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. జూబ్లీ హిల్స్ ఎగుడు రోడ్ల మీదా, ఫిల్మ్ నగర్ దిగుడు సందుల్లోనూ నేను ఎక్కని స్తంభం లేదు. మా బస్తీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ నేను లైటన్ననే. అలాంటి నాకు ఒకరోజు ఉన్నట్టుండి ఎత్తు మీద భయం పట్టుకుంది.

ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే బాగుండేది. నలుగురికి చూపించుకోవడానికి ఒక మచ్చయినా మిగిలేది. ఏమీ జరగలేదు. ఒక ఉదయం ఇడ్లీ తిని, చాయ్ తాగి, ఎప్పటిలాగే బుట్టలో నిలబడి పైకి వెళ్తున్నాను. బుట్ట అంటే మా లిఫ్టు బండికి ఉండే పొడుగాటి ఇనుప చెయ్యి చివర బిగించిన తొట్టి. అందులో మనిషి నిలబడితే, కింద డ్రైవరు మీట నొక్కి పైకి లేపుతాడు. సగం దూరం వెళ్ళేసరికి మోకాళ్ళలో బలం పోయింది, నాలుక పిడచగట్టుకుపోయింది. ఎలాగో పని ముగించి దిగాను. ఎండ దెబ్బ అనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అప్పటినుంచి ఇంట్లో చెప్పులు వేసుకోవడానికే పది నిమిషాలు పట్టేది.

ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఎలా చెప్పను? నేను కార్పొరేషన్ ఉద్యోగినే గానీ, మధ్యలో కాంట్రాక్టరు ఉన్న ఉద్యోగిని. ఒంటి మీద చొక్కా కార్పొరేషన్‌ది, నెత్తి మీద చెయ్యి కాంట్రాక్టరుది. పైకి ఎక్కనంటే ఇంటికి పొమ్మంటాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ కాళ్ళు వణికితే ఇన్నేళ్ళూ అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను. ఇప్పుడు అదే నోటితో నాకూ వణుకుతున్నాయని చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

అప్పుడే స్టోరులో మనిషి మానేస్తున్నాడని తెలిసింది. మా స్టోరు వెంగళరావు నగర్ వైపు ఉన్న ఒక రేకుల షెడ్డు. దీపాలు, వైర్ల చుట్టలు, ఒక ఫ్యాను, దాని కింద ఒక కుర్చీ. ఆ కుర్చీ కాళ్ళు నాలుగూ నేల మీద ఉంటాయి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఇంజనీరు సారుకు ఫోన్ చేసి, మీతో ఒక ముచ్చట మాట్లాడాలి అన్నాను. శుక్రవారం అన్నం తిన్నాక ఆఫీసుకు రమ్మన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ నా భార్య అంది: "ఇయ్యాల సాఫ్‌గ చెప్పు. నడుం నొస్తుంది, మెడ నొస్తుంది అని గిట్ల సాకులు చెప్పకు. భయమైతుందని చెప్పు. భయమైతే తప్పేంది?"

"చెప్తా తియ్యి," అన్నాను.

"తియ్యి గాదు. చెప్పు."

ఆ పూటకు ఒకటే పని. జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా వాళ్ళ ఇంటి ముందు దీపం ఊరికే కొట్టుకుంటోందట, మేడంగారికి తలనొప్పి వస్తోందట. అది చూసేసి అటునుంచే ఆఫీసుకు వెళ్ళొచ్చు అనుకున్నాను. నాతో మా డ్రైవరు ఉన్నాడు, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. మంచివాడు. మతిమరుపు మాత్రం మంచితనం కంటే ఒక పిసరు ఎక్కువ.

ఆ ఇల్లు బాగా దిగుడుగా ఉన్న రోడ్డు మీద ఉంది. మా బండి బ్యాటరీ ముసలిది, ఒక్కోసారి సెల్ఫ్ అందుకోదు. అందుకని మా అన్న ఎక్కడైనా బండిని దిగుడు వైపు మూతి పెట్టే ఆపుతాడు. స్టార్ట్ కాకపోతే చక్రం కింది రాయి తీసి, బండిని కిందికి వదిలి, గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. ఈ విద్యతోనే ఆ బండి రెండేళ్ళుగా తిరుగుతోంది.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి చాపాడు. రాజమండ్రి వైపు మనిషి, మాట మెత్తన. "ఫోన్ ఇలా ఇచ్చి ఎక్కండి. పైనుంచి ఫొటోలు తీస్తారని మా మేడంగారు ఒప్పుకోరండీ." ఆ రోడ్లలో ఇది మామూలే. ఇచ్చేశాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పైకి ఎక్కేవాడే స్విచ్చు డబ్బా తెరిచి, ఆ లైనుకు కరెంటు వచ్చే ఫ్యూజు పీకి, తన జేబులో వేసుకుని ఎక్కాలి. కిందివాడి చేతికి ఇవ్వకూడదు, డబ్బా మీద పెట్టకూడదు. సొంత తమ్ముడైనా సరే, తెలియక పెట్టేస్తే పైనున్నవాడు మాడిపోతాడు. ఫ్యూజు జేబులో ఉన్నంతసేపూ మన ప్రాణం మన దగ్గరే ఉన్నట్టు. నేను ఫ్యూజు పీకి ప్యాంటు కుడి జేబులో వేసుకున్నాను. అన్న నాలుగు జాకీలూ దించి, బండిని నేలకు బిగించి, నన్ను పైకి లేపాడు.

నేను చూపు కిందికి పోనీయకుండా ఒక ఉపాయం నేర్చుకున్నాను. దగ్గర్లో గట్టిగా ఉన్నదేదో ఒకటి చూస్తూ ఉండాలి. ఆ రోజు నాకు ఎదురుగా ఆ ఇంటి బాల్కనీ దొరికింది. తెల్లటి గోడ, రెండు పూల కుండీలు. వాటినే చూస్తూ పని చేశాను. వైరు వదులైంది, అంతే. బిగించాను. అప్పుడే కింద వాచ్‌మన్ మా అన్నతో అంటున్నాడు: "మా సార్ పడుకున్నారండీ, ఆ ఇంజన్ కాస్త ఆపండి." అన్న పాపం ఆపేశాడు.

"అయిపోయింది, దించన్నా," అన్నాను.

ఆ బుట్ట దిగాలంటే ఇంజను తిరగాలి. అన్న తాళం తిప్పాడు. కర్ర్‌మంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ మాత్రం కూడా అనలేదు. అప్పుడు అన్న రోజూ చేసే పనే చేశాడు. తలుపు తీసుకుని దిగి, నింపాదిగా వంగి, చక్రం కింది రాయి తీశాడు.

"అన్నా! నేను పైన్నే ఉన్న!" అని గొంతు చించుకుని అరిచాను.

అన్న తల ఎత్తి నన్ను చూశాడు. రాయి చేతిలోనే ఉంది. "అరె! యాది మర్చిన తమ్మీ!" అని నుదురు కొట్టుకున్నాడు. జాకీలు దించి ఉన్నాయి కాబట్టి బండి కదలదని నాకు తెలుసు. నా మోకాళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఇంజను ఆగినా చేత్తో దించడానికి ఒక పంపు ఉంటుంది, కానీ దాని పిడి ఎప్పుడో విరిగిపోయింది. అన్న ఇంజనీరు సారుకు ఫోన్ చేశాడు. టోలిచౌకి నుంచి మెకానిక్ బ్యాటరీ తీసుకుని వస్తాడని సారు చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో టోలిచౌకి నుంచి రావడమంటే ఎంత సేపో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

సరే, బాల్కనీ ఉంది కదా, పూల కుండీలు ఉన్నాయి కదా అని గుండె చిక్కబట్టుకున్నాను. అప్పుడు వాచ్‌మన్ గేటు దగ్గర ఇంటర్‌కమ్ విని, నా వైపు చూసి, ఇబ్బందిగా పిలిచాడు. "ఏమీ అనుకోకండి. మీరు ఇటే చూస్తున్నారని మేడంగారు అంటున్నారండీ. కాస్త అటు తిరిగి నిలబడమంటున్నారు."

నాకు ఒళ్ళు మండింది. తల్లీ, నీ ఇంట్లో నాకేం పని, నీ పూల కుండీ నన్ను పట్టుకుని ఉంది అని అరవాలనిపించింది. అరవలేదు. ఒక ఫిర్యాదు వస్తే స్టోరు కుర్చీ పోతుంది. రెండు చేతులతో బుట్ట కడ్డీ పట్టుకుని, ముసలివాళ్ళు స్నానాల గదిలో తిరిగినట్టు మెల్లగా తిరిగాను.

అటువైపు గోడ లేదు, చెట్టు లేదు. రోడ్డు తెగిపోయి, రాళ్ళ గుట్ట దిగిపోయి, ఎక్కడో లోతున ఫిల్మ్ నగర్‌లో మా బస్తీ రేకుల కప్పులు కనిపించాయి. ఆ రేకుల్లో మా ఇల్లు ఎక్కడుందా అని వెతకబోయాను. తల తిరిగింది. బుట్ట కదలకపోయినా కదులుతోందనిపించింది. ఎడమ చెయ్యి కడ్డీని పట్టుకుంది. కుడి చెయ్యి దానంతట అది జేబులోకి పోయి ఫ్యూజును పట్టుకుంది. ఇక ఆ చెయ్యి బయటికి రాలేదు. తీద్దామనుకున్నాను, వేళ్ళు నా మాట వినలేదు. దేవుడా, నన్ను నేల మీద పెట్టు, ఇంకేమీ అడగను అని లోపల ఒకటే గొణుక్కుంటున్నాను. ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది.

కింద కార్లు ఆగడం మొదలైంది. ఆ వీధిలో జనం గుమిగూడితే ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది.

"ఏ సినిమా అన్నా?" అని ఎవరో కారు డ్రైవరు అడిగాడు.

"సినిమా లేదు, గినిమా లేదు. బండి ఖరాబైంది," అని మా అన్న చెప్తున్నాడు.

"మరి కెమెరా ఏది?"

"నీకు చెప్తే సమజ్ కాదా? కార్పొరేషన్ మనిషి!"

అయినా నమ్మలేదు. కొందరు చెట్ల చాటున కెమెరా కోసం వెతికారు. అన్నకు ఏం బుద్ధి పుట్టిందో, తన ఫోన్ తీసి కిందనుంచి నా ఫొటో తీసి, మా స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. ఆలస్యానికి రుజువు ఉంటుందని పెట్టాడట, తర్వాత చెప్పాడు.

ఇంజనీరు సారు మెకానిక్‌ను వెంటబెట్టుకుని తనే వచ్చాడు. కొత్త బ్యాటరీ బిగించారు, ఇంజను అందుకుంది, బుట్ట దిగింది. నేల తగలగానే నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు చేతి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

సారు నా భుజం తట్టాడు. ఆయన చేతిలో ఫోన్, ఫోన్‌లో నేను. కిందనుంచి తీసిన ఫొటో కదా, వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. గుట్ట వైపు తిరిగి, ఒక చెయ్యి కడ్డీ మీద వేసి, ఇంకో చెయ్యి జేబులో పెట్టుకుని, సినిమా పోస్టరులో హీరోలా నిలబడి ఉన్నాను. ఆ ఫొటో కింద గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు.

"ఏం ధైర్యమయ్యా నీది! ఇంకొకడైతే లొల్లి పెట్టి గాయి గాయి చేసేటోడు. నువ్వు జేబుల చెయ్యి పెట్టుకొని, అటు తిరిగి వ్యూ చూస్తున్నవ్! చీఫ్ ఆఫీస్‌కు కూడ ఫార్వర్డ్ చేసిన," అన్నాడు.

తర్వాత అన్న వైపు తిరిగాడు. "నీకు బండి నడిపే ఏజ్ అయిపోయింది. మనిషి పైన ఉండంగ రాయి తీస్తవా? సోమవారం నుంచి స్టోర్‌ల కూసో." అన్న తల వంచుకున్నాడు. అది శిక్ష అనుకున్నాడు పాపం.

నా కళ్ళ ముందే నా కుర్చీ పోయింది. సారు మళ్ళీ నన్ను చూశాడు. "అవును, ఏదో ముచ్చట చెప్తానన్నవ్ గదా. ఏందది?"

అక్కడ అన్న ఉన్నాడు, మెకానిక్ ఉన్నాడు, వాచ్‌మన్ నా ఫోన్ రెండు చేతులతో అందిస్తూ నిలబడి ఉన్నాడు, ఇంకా వెళ్ళిపోని జనం ఉన్నారు. పొద్దున నా భార్య అన్న మాట తప్ప నా బుర్రలో ఏమీ లేదు. అదే అన్నాను.

"సార్, నాకు పైన భయమైతది. కాళ్ళు వణుకుతయి. నన్ను పైకి తోలకుండ్రి సార్."

సారు ఫోన్‌లో ఫొటో చూశాడు, నన్ను చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మెకానిక్ నవ్వాడు. జనం నవ్వారు. సిగ్గుతో చచ్చిపోతున్న మా అన్న కూడా నవ్వాడు. "డైలాగ్ మంచిగుంది," అన్నాడు సారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆఫీస్‌ల అందరికి చెప్తా ఈ ముచ్చట." సోమవారం నుంచి ఎత్తు స్తంభాలన్నీ నాకే వేస్తానని, కొత్తవాళ్ళకు నన్ను చూసి బుద్ధి వస్తుందని చెప్పి కారెక్కాడు.

సాయంత్రం తలుపు తీస్తూనే నా భార్య అడిగింది: "చెప్పినవా?"

"చెప్పిన."

"భయమైతుందనే చెప్పినవా?"

"అట్లనే చెప్పిన. అందరి ముంగట చెప్పిన."

"మరి ఏమన్నడు?"

"నవ్విండు."

ఆమె ముఖం ఎర్రబడింది. మనిషి నోరు తెరిచి చెప్పుకుంటే నవ్వుతారా, వాళ్ళకు పిల్లలు లేరా, ఇళ్ళు లేవా అని తిట్టింది. నా కోసం ఆమె అంత కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ చూడలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని, చాలాసేపు తిట్టింది. నేను తల వంచుకుని తిన్నాను. వాళ్ళంతా నవ్వుతుంటే వాళ్ళతో పాటు నేనూ నవ్వానని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.