తెల్ల పేజీలో మాయమైన మా ఏసీ షాపు

నిన్నటి నుంచి మా ఆఫీసులో నన్ను డిజైనర్ మేడం అంటున్నారండీ! నవ్వకండి. ముందు షాపు ఎలా మూయించబోయానో వినండి.

బహ్రైన్‌లో, సల్మాబాద్‌లో మాది ఏసీ రిపేర్ వర్క్‌షాప్ కదా, ఫోన్లెత్తడం నా డ్యూటీ. మా వెబ్‌సైట్ ఏనాటిదో! గిర్రున తిరిగే లోగో, మిణుకుమిణుకుమనే అక్షరాలు, అచ్చం పాతకాలం పెళ్ళి వీడియో. మా ముదీర్, అదే మేనేజరు గారు, "ఇప్పటి ఫ్యాషన్‌లో ఉండాలి. బయట కంపెనీకి ఇచ్చేద్దాం" అన్నారు. నా నోరు ఊరుకుంటుందా? "ఎందుకు సార్, నేను చేస్తాను!" అనేశాను.

వారం రోజులు యూట్యూబ్ చూశాను. ఇప్పుడంతా మినిమల్ అట. ఎంత తక్కువుంటే అంత గొప్పట. తీసేయడమేగా! లోగో తీసేశాను, రంగులు తీసేశాను. తెల్లటి పేజీ మీద సన్నటి బూడిదరంగు అక్షరాలు పెట్టాను. ఫోన్ నంబరూ అంతే, కింద ఓ మూల. "మాషాల్లా! పెద్ద హోటల్‌లా ఉంది" అన్నారు ముదీర్. నేను గాల్లో తేలిపోయాను.

తర్వాత రెండు రోజులు ఫోన్ మోగలేదు. జూలైలో, బహ్రైన్‌లో, ఏసీ షాపులో! లైన్ పోయిందేమోనని నా మొబైల్ నుంచి చేసి చూశాను. శుభ్రంగా మోగింది.

మూడో రోజు మధ్యాహ్నం తుబ్లీ నుంచి ఒక వాచ్‌మన్ వచ్చాడు, పాత కస్టమరే. చెమటతో తడిసి ముద్దయ్యాడు. "కొత్త ఫోన్ మేడం, నంబర్లన్నీ పోయాయి. వెబ్‌సైట్ చూస్తే ఖాళీ. దుకాణ్ ఖలాస్ అనుకున్నా!"

"ఖాళీ ఏంటి భాయ్? ఇదిగో!"

"ఇక్కడ కాదు. బయటికి రండి."

ఎండలో ఫోన్ తెరిచాను. అందులో నా మొహం తప్ప ఇంకేం లేదు! అవును మరి, ఏసీ పాడైనవాడు మేడ మీద ఎండలో మిషన్ పక్కన నిలబడి నంబర్ వెతుకుతాడు గానీ, నాలా చల్లగా కూర్చుని వెతుకుతాడా?

అన్నం మానేసి కూర్చున్నాను. నల్లగా, లావుగా, గుమ్మడికాయలంత అక్షరాలు పెట్టాను. నంబర్‌కి సగం స్క్రీన్ ఇచ్చి పసుపు రంగు పులిమాను. మార్చినప్పుడల్లా ఎండలోకి పరుగెత్తి చూడ్డమే. "మేడం, వడదెబ్బ తగులుతుంది!" అని ఫోర్‌మన్ కేకలు. ముదీర్‌కి చెప్పకుండానే సైట్ మార్చేశాను. గంట తిరక్కుండా ఫోన్లే ఫోన్లు! సాయంత్రానికి షాపులో ఒక్క టెక్నీషియన్ మిగల్లేదు.

నిన్న ముదీర్ ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఆయన చేతిలో ఫోన్, ఫోన్‌లో నా గుమ్మడికాయలు. దొరికిపోయాను, ఉద్యోగం పోయింది అనుకున్నాను.

"ఈ పెద్ద అక్షరాలు, ఈ పసుపు... ఇప్పుడు ఇదే లేటెస్ట్ ట్రెండ్! ఎవరు చేశారు?" అన్నాడాయన.

ముదీర్ ఒక్క క్షణం ఫోన్ వైపు చూసి, ఛాతీ విరిచి నన్ను చూపించారు. "మా డిజైనర్!"

నేను కుర్చీలోంచి లేచి గంభీరంగా, "ట్రెండ్‌ని ముందే పసిగట్టాలి సార్" అన్నాను.

పసిగట్టిన ముక్కు మాత్రం ఎండకి కమిలి నల్లగా అయిపోయిందండీ. ఇదిగో, ఇప్పుడు కూడా పౌడర్ కొట్టుకునే వచ్చాను!