ఆకుకూర ముట్టని తొమ్మిది రోజులు

1992. నాచారంలో, ఫ్యాక్టరీల వైపు వెళ్లే రోడ్డు మీద, ఒక డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. దాన్ని గది అనడం గదులకే అవమానం. అందులో ఒక మనిషి తుమ్మితే ముగ్గురి రిపోర్టులు లేచి రోడ్డు దాటి అవతల పడేవి. మా ఫ్రిజ్ చేసే చప్పుడుకు ఘట్‌కేసర్ ప్యాసింజర్ వచ్చేసిందనుకుని జనం సంచులు సర్దుకునేవారు. ఇక నాచారం గాలి! దాన్ని సీసాలో పట్టి మూత బిగిస్తే రసాయనాలు కొనే పని లేకుండా సగం పరీక్షలు చేసెయ్యొచ్చని డాక్టరుగారికి రెండుసార్లు సలహా ఇచ్చాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వు కూడా నా వాటాకే వచ్చిందని నేను సరిపెట్టుకునేవాణ్ణి.

క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ఫ్యాక్టరీ కార్మికులు ఎక్కువ. ఉప్పల్ వైపు క్వార్టర్ల నుంచి సైంటిస్టుల కుటుంబాలూ, రైల్వేవాళ్లూ వచ్చేవారు. సూది చూస్తే అందరూ ఒకటే. అందుకని సూది గుచ్చే లోపల ఏదో ఒక జోకు వెయ్యడం నా పద్ధతి. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్లంతా నవ్వేవారు, గుచ్చించుకుంటున్నవాడు తప్ప. క్లినిక్‌కు పేషెంట్లు నా మాటల కోసమే వస్తారని గట్టిగా నమ్మిన రోజులవి.

అక్కడికి నెలకోసారి సత్తెమ్మ వచ్చేది. నలభై దాటని మనిషి. అన్నోజిగూడలో ఆమె భర్త ఐలయ్య కౌలుకు తీసుకున్న చెలకలో ఆకుకూరలు పండించేవాడు. ఆమె పొద్దున్నే బస్సులో గంప వేసుకుని వచ్చి నాచారం గల్లీల్లో అమ్మేది. పాలకూర, తోటకూర, పుంటికూర, గంగవాయిలి. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం ఆమె గుండె కవాటాన్ని తినేస్తే, పట్నంలో పెద్ద దవాఖానా వాళ్లు దాన్ని తీసి లోహపు కవాటం పెట్టారు. దాన్ని వాల్వ్ అంటారు. ఫ్రిజ్ ఆగిన క్షణాల్లో ఆమె ఛాతీలోంచి టిక్, టిక్ అని సన్నగా వినిపించేది.

"ఏందక్కా, గడియారం మింగినవా?" అన్నాను మొదటిసారి.

"మింగలే సారూ, పెట్టిన్రు. టైమైతే తెల్వది గని నడుస్తున్నది," అంది. జవాబు నాకు నచ్చింది. నా జోకుకు జోకు తిప్పికొట్టిన పేషెంటు ఆమె ఒక్కతే.

లోహపు కవాటం మీద రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతం. అది రాకుండా రక్తాన్ని పలచగా ఉంచే వార్ఫరిన్ మాత్ర జన్మంతా వేసుకోవాలి. మాత్ర తక్కువైతే గడ్డ, ఎక్కువైతే ఎక్కడపడితే అక్కడ నెత్తురు కారడం. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి చేసేదే ప్రోత్రాంబిన్ టైమ్, పొట్టిగా పీటీ. రక్తంలోంచి పసుపుపచ్చని ప్లాస్మా వేరుచేసి, వేడినీళ్ల తొట్టిలో గొట్టం పెట్టి, అందులో గడ్డకట్టించే మందు వేసి, గొట్టాన్ని మెల్లగా వంచుతూ స్టాప్‌వాచ్ నొక్కాలి. పారుతున్న ద్రవం జున్నులా నిలబడిపోయేంత వరకు ఎన్ని సెకన్లు పట్టిందో అదే లెక్క. ఇప్పుడు ఐఎన్‌ఆర్ అంటున్నారు. అప్పట్లో మా దగ్గర సెకన్లే. మామూలు మనిషికి పదమూడు. సత్తెమ్మకు పాతిక దాటి, ముప్పైకి అటూ ఇటూ ఉండాలి.

ఈ మాత్రకు ఆకుకూరకు పడదు. ఆకుల్లో ఉండే కె విటమిన్ మాత్ర చేసిన పనిని చెడగొడుతుంది. డాక్టరుగారు "ఆకుకూరలు బాగా తగ్గించాలమ్మా" అని మూడు మాటల్లో చెప్పి నా వైపు చూపించారు. వివరించే పని నాది. మూడు మాటలు నా చేతికొస్తే మూడొందలవుతాయని ఆయనకు తెలుసు.

వచ్చిన రెండో నెల ఆమె పీటీ పదిహేను సెకన్లు. అంటే మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. బల్ల మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. నాకు సభ దొరికింది.

"ఏందక్కా, నెత్తిమీది గంప కడుపుల దించుకున్నవా?"

"జరంత తిన్న సారూ. మిగిలిన పుంటికూర పారబోయ పానమొప్పలే."

"జరంతనా? అన్నోజిగూడ మొత్తం మేసినట్టున్నవు! మేక గూడ ఇంత మెయ్యది కద!"

బల్లంతా గొల్లుమంది. ఒకాయనకు పొలమారింది కూడా. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఊపు మీదున్న నేను ఆగుతానా? "ఇంకొక్క కట్ట తిన్నవనుకో, నీ నెత్తురు బెల్లం పాకమైతది. లోపల గడియారం పట్టుకుంటది. వచ్చే నెల గూడ గిట్లనే వస్తే ఫెయిలని రాస్త!" అన్నాను.

"నిజమేనా సారూ?" అంది చిన్నగా. ఈసారి నవ్వలేదు.

"నేనెప్పుడన్న అబద్ధమాడిననా?" అన్నాను. రోజుకు నలభై ఆడేవాణ్ణి.

మరుసటి నెల ఆమె పీటీ ఇరవై ఎనిమిది. నేను స్టాప్‌వాచ్ పైకెత్తి, వరల్డ్ కప్ గెలిచినవాడిలా, "ఫస్ట్ క్లాస్!" అని అరిచాను. బల్ల మీదివాళ్లతో చప్పట్లు కొట్టించాను.

"ముట్టలే సారూ. నిన్న లేదు, మొన్న లేదు. ఆకు నోట్లె పెట్టలే," అంది ఆమె. ముఖం వెలిగిపోతోంది.

ఆ తరువాతి నెల ముప్పై అయిదు. రక్తం మరీ పలచబడిందని డాక్టరుగారు మాత్రలో పావు వంతు తగ్గించారు. తగ్గించినా, ఆ పై నెల ముప్పై మూడు వచ్చింది. ఇంకో పావు తగ్గించారు. నేనైతే క్లినిక్‌కు వచ్చిన ప్రతి గుండె జబ్బు మనిషికీ సత్తెమ్మను ఆదర్శంగా చూపించేవాణ్ణి. "గంపల కూర పెట్టుకుని కూర ముట్టని మనిషి! తపస్సు చేసే మునులు గూడ ఈమె ముంగట బలాదూరు!" అని.

ఆ పై నెల ఆమె రావలసిన మంగళవారం రాలేదు. గురువారం పొద్దున ఐలయ్య వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నోట్లో మాట ఉందో లేదో తెలియనంత నిదానం. చేతిలో పెద్ద దవాఖానా కాగితాలు.

"సార్, పాత రిపోర్టులు ఇయ్యమంటున్నరు అక్కడ."

"అక్కేది?"

"రెండు వారాలాయె సార్, పండ్లు తోముకుంట కూలబడ్డది. కుడి చెయ్యి పడిపోయింది. మాట వస్తలేదు. నన్ను సూస్తున్నది గని, ఏం జెప్పాల్నో దానికి దొరుకుత లేదు."

ఆయన చేతిలోని కాగితం తీసుకుని చూశాను. చేర్పించిన నాటి పీటీ పధ్నాలుగు సెకన్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణం నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, పౌరుషం. పెద్ద దవాఖానా వాళ్లు తప్పు చేశారనుకున్నాను. నా ముప్పై మూడెక్కడ, వాళ్ల పధ్నాలుగెక్కడ! అంత పెద్ద బిల్డింగులో ఒక గొట్టం వంచడం ఎవడికీ చేతకాలేదనుకున్నాను. ఐలయ్యనే సాక్ష్యానికి పిలిచాను.

"అక్క ఆకుకూర ముట్టది గద! నువ్వు జెప్పు, ముట్టిందా?"

ఐలయ్య నా వైపు వింతగా చూశాడు. "తినక ఏం తింటది సార్? మధ్యాహ్నందాక అమ్మంగ మిగిలిన కూర వాడిపోతది. తెల్లారి ఎవలు కొనరు. అదే మాకు రాత్రి కూర. లగ్గమైనకాడికెల్లి గంతే."

"మరి నాతోని ముట్టలేదన్నది?"

"అబద్ధమాడలే సార్. మీ పరీక్షకు ముందు తొమ్మిది దినాలు ముట్టది. ముందుగాల నాలుగు దినాలే ఉండె, మీరు మెచ్చుకున్నంక తొమ్మిది జేసింది. ఒక్కపొద్దు పట్టినట్టే పడుతుండె. ఉత్త మిరంపొడి, మజ్జిగ. మా పిల్లకు కూర వండిన గంటె గూడ కడిగినంకనే ముట్టుకునేది. పరీక్షయి ఇంటికొచ్చిన నాడే మళ్ల పొయ్యి మీద పుంటికూర."

ఒక్కపొద్దు అంటే దేవుడి పేరున పట్టే ఉపవాసం. మా ప్రాంతపు ఆడవాళ్లకు అది కొత్త కాదు. మొక్కు ముందు కొన్ని రోజులు నిష్ఠగా ఉంటారు, మొక్కు తీరగానే మామూలు తిండికి వస్తారు. సత్తెమ్మ ఆ నిష్ఠ అంతా తెచ్చి నా స్టాప్‌వాచ్ ముందు పెట్టింది.

"ఎందుకట్ల చేసింది?" అన్నాను.

"అందరి ముంగట మేక అన్నరట కద సార్," అన్నాడు ఐలయ్య. కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. "నవ్వుకుంటనే జెప్పింది ఇంటికొచ్చి. మల్ల ఆ మాట పడొద్దనుకున్నది గావచ్చు."

రిపోర్టులు వెతికి ఇచ్చాను. అయిదు కాగితాలు తియ్యడానికి నాకు పట్టిన సమయంలో ఎవరైనా అయిదు ఫ్యాక్టరీలు కట్టి ఉండేవారు. ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లాడు. ఆ దండం ఒకటి ఎందుకు పెట్టాడో!

ఆ మధ్యాహ్నం డాక్టరుగారితో అంతా చెప్పాను, మేక మాటతో సహా. ఆయన ఆ నెలల అంకెలు నాతో వరసగా చదివించుకున్నారు.

"తొమ్మిది రోజులు ఆకు మానేసి వస్తే రక్తం పలచగానే కనిపిస్తుంది. అది చూసి నేను మాత్ర తగ్గించాను. మిగిలిన మూడు వారాలు ఆకు ఎక్కువ, మందు తక్కువ. ఇంక గడ్డ కట్టక ఏం చేస్తుంది?" అన్నారు.

"ఆమె పూర్తిగా మానేసుంటే బాగుండేది కదండీ?"

"మానక్కర్లేదయ్యా. రోజూ తినే మనిషిని రోజూ ఒకే కొలతగా తిననిస్తే చాలు. దానికి తగ్గట్టు మాత్ర నేను వేసేవాణ్ణి. తింటున్నానని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది." ఆయనే మళ్లీ, "తగ్గించమని నేను చెప్పడం కూడా తప్పే. ఏం తింటావమ్మా అని ముందు అడగాల్సింది," అన్నారు.

ఆ సాయంత్రం నేను వాటర్‌బాత్ వేడి చూశాను, స్టాప్‌వాచ్‌ను గోడ గడియారంతో పోల్చి చూశాను, మందు సీసా తేదీ చూశాను. ఎక్కడో ఒక తప్పు దొరకాలని ఎంత కోరుకున్నానో! అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పరీక్ష సరైనది, డాక్టరుగారు తగ్గించిన రెండు పావులూ ఆ అంకెలకు సరైనవే, ఆమె చెప్పిన మాటా నిజమే. నిన్న లేదు, మొన్న లేదు అంది. పది రోజుల కిందటి సంగతి నేనెప్పుడూ అడగలేదు.

మూడు నెలల తరువాత ఐలయ్య ఆమెను నడిపించుకుని తెచ్చాడు. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. గంప ఎత్తడం అయిపోయింది, గల్లీల్లో తిరిగి కేక వెయ్యడం అయిపోయింది. ఒక్కొక్క మాట కోసం నోరు నాలుగుసార్లు కదిపితే ఒకసారి ఏదో వచ్చేది. బల్ల మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లను ముందు గదిలో కూర్చోమని పంపించి, ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సూది ఇంకా చేతిలోకి తీసుకోలేదు.

"అక్కా, నిన్న ఏం కూర తిన్నవు?"

ఆమె నన్ను చూసింది. తరువాత, వాళ్లు వెళ్లిన గుమ్మం వైపు చూసింది. పెదవులు వంకరపోయాయి. మెడ నరాలు లేచాయి. పాపం, ఒక బండరాయిని నెడుతున్నట్టు నెట్టి నెట్టి, చివరికి రెండు ముక్కలు బయటికి తెచ్చింది.

"తిన... లే."

"తింటున్నది సార్," అన్నాడు ఐలయ్య. "డాక్టర్ సారు చెప్పినట్టు దినాం గింత పాలకూర కొలిచి నేనే వండి పెడుతున్న. నిన్న గూడ తిన్నది."

ఆమె ఎడమచేత్తో అతని అంగీ పట్టుకుని గుంజింది, చెప్పొద్దని. నేను, "తిను అక్కా. రోజు తిను. మంచిదే," అన్నాను. నా తప్పు చెప్పుకున్నాను, ఆ రోజు అన్న మాట అనకూడనిదని చెప్పాను. ఆమె వింది. విని, నన్ను నమ్మించడానికి తల అడ్డంగా ఊపుతూనే ఉంది, తినలే, తినలే అని.

ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆ పనే చేశాను. రక్తం తీసేముందు నెలంతా ఏం తిన్నారో అడిగి కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎవరేం చెప్పినా ముఖంలో నవ్వు రానిచ్చేవాణ్ణి కాదు. బయట ఎన్ని కోతలు కోసినా ఆ స్టూలు మీద మాత్రం కొయ్యలేదు. స్టాప్‌వాచ్ ఆ పూట రక్తం సంగతే చెబుతుంది. మిగిలిన రోజుల సంగతి మనిషి నోటితో చెప్పాలి. సత్తెమ్మ నోరు పడిపోవడం పక్షవాతంతో మొదలు కాలేదు. అంతకు దాదాపు నాలుగు నెలల ముందే, ఏడెనిమిది మంది నవ్వుతుండగా, నా ముందే పడిపోయింది. అది నేను చూసి కూడా, ఆమె నవ్వుతోందనుకున్నాను.