రాని పిల్లల గళ్ళు

మా కింద ఫ్లాటు టీచరమ్మ చనిపోయింది. పొద్దున్నే ఆమె చెల్లెలు వచ్చి తలుపు కొట్టింది. "అయిపోయిందా?" అన్నా తెలుగులోనే. తలూపింది. ఆ మాత్రం తెలుగు అలాంటప్పుడు ఎవరికైనా అర్థమవుద్ది.

మన తెలుగు సంఘం పత్రికకి నాలుగు ముక్కలు రాయమన్నాడు మా అబ్బాయి. నాది వానాకాలం చదువు, కూడబలుక్కుని రాస్తా. ఇంకెవరికన్నా ఇస్తే నున్నగా దువ్వి రాస్తారు. అందుకని నేనే కూర్చున్నా.

ఆమెది ఘనా దేశం. లండన్‌లో ఈ క్రోయిడన్‌లోనే బళ్ళో పనిచేసి రిటైరయింది. శనివారాలు మా బిల్డింగు కింద కమ్యూనిటీ గదిలో పిల్లలకి వాళ్ళ దేశాల బొమ్మలు, గుడ్డల మీద అచ్చులు, మొహానికి పెట్టుకునే మాస్కులు నేర్పేది. ఘనా, నైజీరియా, జమైకా వాళ్ళ పిల్లలే ఎక్కువ. ఇక్కడ పుట్టినోళ్ళు. తాతలు ఏం నేశారో ఏం చెక్కారో తెలియనోళ్ళు. ఇంట్లో అల్లరి పడలేక మా మనవరాలిని ఒకరోజు కిందకి తీసుకుపోయా. టీచరమ్మ ఎవరివి, ఏ దేశం అని అడగలేదు. "కూర్చో" అంది.

ఆ రోజు మా పిల్ల తన బొమ్మ గీసుకుని గులాబీ రంగు వేసింది. టీచరమ్మ ఆ కాగితం పక్కన పెట్టేసి, రంగుల పళ్ళెం ముందుకు జరిపింది. "ముందు నీ రంగు కలుపు. లోకాన్ని తర్వాత గీద్దువుగాని." అక్కడ అందరికీ అదే రూలు. కలిపిన రంగు మణికట్టు మీద చుక్క పెడితే ఆ చుక్క ఒంట్లో కలిసిపోయి కనపడకూడదు. మా పిల్లకి ఆ పూటంతా పట్టింది. ఏడ్చింది కూడా. కుదిరినాక చెయ్యెత్తి అందరికీ చూపించుకుంటా తిరిగింది.

"ఈ రంగుకి మీ భాషలో పేరుందా తాతా?" అని టీచరమ్మ నన్నడిగింది. నాకంటే చిన్నదేం కాదు, అయినా పిల్లలతోపాటు తాతా అనేది. ఆమె ఇంగ్లీషు సగం నాకు తెలిసేది, మిగతా సగం మనవరాలు చెప్పేది.

"చామనఛాయ" అన్నా.

"అంత మంచి పేరు పెట్టుకుని దాని మీద క్రీములెందుకు పూస్తారు?"

మా కోడలి బాత్రూము సంగతి ఆమెకి ఎవరు చెప్పారో.

ఎండిన సొరబుర్ర ముక్కల మీద గుర్తులు చెక్కి, బెరడు కాచిన నల్లరంగులో ముంచి గుడ్డ మీద అద్దించేది. దాన్ని అదింక్రా అంటారంట. ఇది మా సొరబుర్రే అన్నానొకసారి. "మీదీ కాదు, మాదీ కాదు. తీగెది" అంది.

మనవరాలు వేసిన అలాంటి గుడ్డ, ఎర్రమట్టి రంగుది, బాగుందని మా కోడలు పిల్ల పుట్టినరోజున కేకు కింద పరిచింది. టీచరమ్మ బహుమతి పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "మీ ఇంట్లో ఎవరు పోయారు?" అంది. తెల్లగుడ్డ మీద అచ్చులైతే వాళ్ళు పండగలకీ కడతారంట. ఆ ఎరుపు మాత్రం అయినవాళ్ళని సాగనంపేటప్పుడు కట్టేదంట. నాకు నవ్వొచ్చింది. కోడలికి రాలేదు.

"నీకు తెలుసా ఇది?" అని పిల్లని నిలదీసింది.

"యూ నెవర్ ఆస్క్‌డ్, అమ్మా."

ఆ గుడ్డ చెత్తబుట్టలోకి పోయింది. టీచరమ్మ దగ్గర బాధపడ్డా. "పండగ గుడ్డ ఒక్కటే నేర్పితే పిల్లలకి సగమే ఇచ్చినట్టు" అంది.

పోయిన ఎండాకాలం ఆమెకి కడుపులో గడ్డ అని తేలింది. ముదిరిపోయిందన్నారు. పిల్లలకి తనే చెప్పింది. పొడుగాటి ఎర్రగుడ్డ బల్ల మీద పరిచి, గళ్ళు గీసి, పిల్లకొక గడి ఇచ్చింది. "ఇది నా మీద కప్పేది. మీరే వెయ్యాలి. పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు." ఆమెకి ఇంకో కోరిక లేదు.

తల్లులు ఫోన్లలో అగ్గయిపోయారు. ఘనా వాళ్ళూ తక్కువేం కాదు. బతికుండగానే పిల్లల చేత చావుగుడ్డ వేయిస్తారా అని ఒక్కొక్కరే మాన్పించారు. మా ఇంట్లోనూ అదే గొడవ.

"వద్దు మామయ్యా, అశుభం."

"ఆ అశుభమేదో నా నెత్తిన రాసెయ్" అని పిల్ల చెయ్యి పట్టుకుని కిందకి దిగా.

చలి ముదిరేసరికి వచ్చేవాళ్ళు నలుగురైదుగురు. ఆమె దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చునేది. మా పిల్ల నిచ్చెన గుర్తు ఏరుకుంది. "చావు నిచ్చెన ఒక్కరే ఎక్కేది కాదు" అని వాళ్ళలో సామెత. సగం గళ్ళు అలాగే ఉండిపోయాయి. చూడలేక, ఆ సొరబుర్ర ముక్క ఇటివ్వు నేనేస్తా అన్నా.

"ముట్టుకోవద్దు తాతా. అవి ఖాళీవి కావు. రాని పిల్లలవి. వస్తారు."

తలుపు చప్పుడైతే అటు తిరిగేది. ఒకసారి పోస్టు మనిషి, ఒకసారి పార్సిలు కుర్రాడు. డాక్టర్లు ఇచ్చిన గడువు కూడా ఆమెకి దక్కలేదు.

సాగనంపే రోజు అందరూ వచ్చారు, నల్లకోట్లు వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని. పెట్టె మీద ఆ గుడ్డ కప్పారు. ఒకావిడ నా పక్కకొచ్చి "టైము చాలలేదా అంకుల్?" అంది.

"టైముందమ్మా. మీ పిల్లే లేదు."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం విన్నది. ఏ గడి ఎవరిదో టీచరమ్మ సుద్దతో పేరులో మొదటి అక్షరం రాసి పెట్టింది. పిల్ల వెతుక్కుంటా పోయి తన అక్షరం మీద అరచెయ్యి పరిచి నిలబడింది. తల్లి వచ్చి లాగేదాకా తియ్యలేదు. తీశాక చూస్తే సుద్ద చేతికి అంటుకొచ్చేసింది. గడిలో ఆ అక్షరం కూడా లేదు.