చెల్లికి మెస్సీయను గురించి చెప్పిన ఏడాది

మా చెల్లికి మూడో ఏట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వినికిడి పోయింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరు మండపేట. నాన్న రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మిల్లు ఆడుతున్నంతసేపూ లోపల ఒకరి మాట ఒకరికి వినబడదు. అందుకని అక్కడివాళ్ళు చేతులతోనే మాట్లాడుకునేవారు. అరచెయ్యి ఎత్తితే ఆపమని. వేలు గిరగిరా తిప్పితే ఆవిరి పెంచమని. చూపుడువేలు పైకెత్తి గుండె మీదకు దించితే, మేడమీద కూర్చునే మేనేజరు గారి దగ్గర్నుంచి కబురొచ్చిందని.

నాన్న ఆ సైగలన్నీ ఇంటికి తెచ్చాడు. చెల్లి వాటికి తనవి కొన్ని కలిపింది. ముక్కు పక్కన వేలు పెడితే ముక్కుపుడక పెద్దమ్మ. నుదురు రుద్దుకుంటే బడి. కొన్నాళ్ళకు మేం నలుగురం ఏ విషయమైనా చేతులతోనే చెప్పుకోగలిగేవాళ్ళం.

తొంభైల మధ్యలో, నేను రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ ముగించుకుని ఇంటికొచ్చిన ఏడాది, నవంబరులో కోతలైన చేలో మూడు రోజుల సువార్త సభలు పెట్టారు. జంగారెడ్డిగూడెం వైపునుంచి ఒక బోధకుడు వచ్చాడు. అందరూ ఆయన్ని ప్రవక్త గారు అనేవారు. బక్కపల్చటి మనిషి, బొంగురు గొంతు. మూడో రోజు అమ్మ చెల్లిని ముందుకు తీసుకెళ్ళింది. ఆయన దాని రెండు చెవుల మీదా చేతులుంచి చాలాసేపు ప్రార్థన చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారడం చూశాను.

"దేవుడు నాకు చూపిస్తున్నాడమ్మా" అన్నాడు మైకులో. "మెస్సీయ పుట్టిన పండగనాడు ఈ బిడ్డ మీ గుడి గంట వింటుంది."

జనం హల్లెలూయ అని ఒక్కసారిగా కేక వేశారు. అంతమంది నోళ్ళు ఎందుకు తెరిచారో తెలియక చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికి రాగానే అమ్మ చెప్పేసింది. "ఇంక ఈ ఇంట్లో ఎవరూ చేతులాడించకండి. వినబోయే పిల్లకి సైగలేంటి? సైగ చేస్తే నమ్మనట్టే."

"అదెలాగే, దానికి ఆకలేస్తే?" అన్నాడు నాన్న.

"నోటితో చెప్పండి. అలవాటవ్వాలిగా."

నేను అమ్మ పక్షమే. నాకు కూడా చెల్లి వినాలనే ఉంది. మొదటి రెండు రోజులూ చెల్లి ఇదేదో ఆట అనుకుంది. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని ఏదో చెప్పబోయేది. నేను పుస్తకంలోకి చూసేదాన్ని. వారం తిరిగేసరికి అడగడం మానేసింది. పెరట్లో నూతి గట్టు మీద గోడవైపు తిరిగి కూర్చునేది. మధ్యాహ్నం మాత్రం నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళడానికి పరుగెత్తేది. ఒకరోజు అనుమానమొచ్చి వెనకాలే వెళ్ళాను. మిల్లు గేటు పక్కన నాన్న అన్నం కూడా తినకుండా చేతులతో ఏదో చెబుతున్నాడు. అది పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను కనిపించకుండా తిరిగొచ్చేశాను. అమ్మకు చెప్పలేదు.

డిసెంబరులో సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పే వంతు నాకు వచ్చింది. దేవుడు వాగ్దానం చేసిన ప్రవక్త గురించి చెప్పాలి. ప్రవక్త అన్న మాట రాయగానే ఆ చేలో మైకు గుర్తొచ్చి కలం కదలలేదు. మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. నాలుగు ఊళ్ళ సంఘాలు చూసుకునే పెద్దాయన. మోపెడ్ గొలుసుకి నూనె వేస్తున్నవారు చేతులు తుడుచుకుని బైబిలు తెచ్చి ద్వితీయోపదేశకాండం తీశారు.

"కొండ దగ్గర దేవుడి స్వరం విన్నాక మోషే వెంట నడిచిన జనం ఏమన్నారో తెలుసామ్మా? ఈ స్వరం ఇంక వినలేం, వింటే చచ్చిపోతాం అన్నారు. నువ్వు విని మాకు చెప్పు అని మోషేని బతిమాలుకున్నారు. దేవుడు కోప్పడలేదు. వాళ్ళన్నది సబబే అన్నాడు. వాళ్ళ అన్నదమ్ముల్లోంచే మోషేలాంటి ప్రవక్తని పుట్టిస్తానని మాటిచ్చాడు. అలా వచ్చినవాడే మన యేసుప్రభువని మనం నమ్ముతున్నాం."

"దేవుడి కుమారుడు కదండీ. ఆయన్ని ప్రవక్త అనడమేంటండీ?"

"రెండూనమ్మా. ప్రవక్త అనగానే రేపేం జరుగుతుందో చెప్పేవాడు అనుకుంటాం. మోషే పని అది కాదుగా. దేవుడి మాట జనానికి తెలిసేలా చెప్పడం ఆయన పని. మనం వినలేమని దేవుడికి తెలుసు. అందుకే మనలో ఒకడై వచ్చి మన మాటలో మాట్లాడాడు."

వినలేమని అన్న మాట దగ్గర నాకు ఏడుపొచ్చేసింది. జరిగిందంతా చెప్పాను. అయ్యగారు ఆ అధ్యాయం చివరి వచనాలు నా చేత చదివించారు. ఒక ప్రవక్త దేవుడి పేరు మీద చెప్పింది జరగకపోతే అది దేవుడు చెప్పిన మాట కాదనీ, అతనికి భయపడక్కర్లేదనీ అక్కడ ఉంది.

"అంటే ఆయన మోసగాడాండీ?"

"అలా అనకమ్మా. బిడ్డని చూసి జాలేసి ఉంటుంది. ఆ జాలిలో దేవుడు చెప్పని మాట నోట్లోంచి వచ్చేసి ఉంటుంది. జబ్బుమనుషుల మంచాల పక్కన నిలబడి నేనూ అలాంటి మాటలు అన్నవాణ్ణే."

ఆ సాయంత్రం చెల్లితో మాట్లాడాలనే ఇంటికెళ్ళాను. అమ్మ దానికి పండక్కి కొన్న కొత్త పరికిణీకి అంచు కుడుతోంది. ఆమె మొహం చూశాక నాకు చేతులు లేవలేదు.

క్రిస్మస్ పొద్దున అమ్మ చెల్లిని సరిగ్గా గంట కింద నిలబెట్టింది. గంట మోగింది. చెల్లి చటుక్కున తలెత్తి పైకి చూసింది.

"వింది! నా తల్లి వింది!" అని అమ్మ అరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అన్నారు.

నేనూ పైకి చూశాను. గంట చప్పుడుకి గుడి మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. చెల్లి వాటినే చూస్తోంది. అమ్మ దాని వెనక్కి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. చెల్లి తిరగలేదు, పావురాలు మళ్ళీ వచ్చి వాలేదాకా చూస్తూనే ఉంది.

అమ్మ గుడి మెట్ల మీద కూలబడిపోయింది. వెనక్కి తిరిగిన చెల్లి ఆమెను చూసి హడలిపోయింది. ఆరు వారాల తర్వాత మొదటిసారి అమ్మ ఎదుట చేతులెత్తింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, అరచెయ్యి తిప్పింది. నా తప్పా?

అమ్మ దాని రెండు చేతులూ పట్టుకుంది. మళ్ళీ ఆపుతుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. కానీ వదిలేసి, తన చెయ్యి అడ్డంగా ఆడించింది. కాదు, కాదు. తర్వాత తన గుండె చూపించుకుంది. నాది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లి మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది, ఈ పండగ ఎవరి కోసమని. పధ్నాలుగేళ్ళు గుడికి తీసుకెళ్ళాం గానీ ఎప్పుడూ దానికి సరిగ్గా చెప్పలేదు. నాన్న చూపుడువేలు పైకెత్తి గుండె మీదకు దించాడు. పైనుంచి కబురు. తర్వాత తన చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు. మిల్లులో తోటి పనివాడని చెప్పే సైగ అది. కబురు తెచ్చినవాడు మనలో ఒకడు.

ఆయన కూడా మైకులో అరుస్తాడా అని అడిగింది చెల్లి.

నాన్న నా చేత మార్కు సువార్త తీయించి చెవిటివాడి సంగతి చదివించాడు. నేను చదువుతుంటే తను చేసి చూపించాడు. యేసు అతన్ని జనంలోంచి పక్కకు తీసుకెళ్ళాడు. చెవుల్లో వేళ్ళు పెట్టాడు. నాలుక ముట్టాడు. ఆకాశంవైపు చూసి నిట్టూర్చాడు. ఎన్నిసార్లు చదివానో ఆ భాగం! నోటితో ఒక్క మాట అనకముందు ఆయన చేసినవన్నీ సైగలేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆయనకు సైగలు వచ్చా, అంది చెల్లి. వచ్చునని నాన్న తలూపాడు.

ఆ మనిషి విన్నాడా? విన్నాడు.

మరి నేను?

నాన్న నావైపు చూశాడు. అమ్మే చెప్పింది, తడబడుతూ, చేతులతో. నాకు తెలీదు. ఆయన నీతో మాట్లాడతాడు. ఇకనుంచి నేనూ మాట్లాడతాను.

రెండేళ్ళ తర్వాత రాజమండ్రి బస్టాండులో ఆ బోధకుడు కనిపించాడు. అమ్మే వెళ్ళి పలకరించింది. ఆయన చెల్లిని గుర్తుపట్టి, "వినబడుతోందామ్మా?" అని ఆత్రంగా అడిగాడు. లేదని చెప్పగానే చేతిలో సంచి కింద పెట్టేశాడు. మీకు విశ్వాసం చాల్లేదంటాడేమోనని నేను పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ మాట అనలేదు. "తొందరపడ్డానమ్మా. నన్ను క్షమించమని బిడ్డకి చెప్పండి" అన్నాడు. అమ్మ చెప్పింది. చెల్లి ఆయన్ని తేరిపార చూసి, తన చేతిలోని బత్తాయి ఇచ్చింది.

ఆ తర్వాత చెల్లి చెవిటిపిల్లల బడిలో చేరి పది పాసైంది. రెండువేల సంవత్సరం దాటాక కాకినాడలో వినబడనివాళ్ళ కోసం పెట్టిన ఆరాధనకు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ యేసు పేరుకు సైగ వేరు. ఒక వేలితో రెండు అరచేతుల మధ్యా ముట్టుకుంటారు, మేకుల గుర్తులు. ఓ ఆదివారం అమ్మ కూడా వెళ్ళింది. పెదవి కదలకుండా యాభైమంది ప్రార్థన చేయడం చూసి వచ్చి, "ఏమీ అర్థం కాలేదే. కానీ బాగుంది" అంది. మళ్ళీ ఆదివారం బస్సుకి అందరికంటే ముందు తనే తయారైంది.