కొట్టివేతకు సంతకం

పొద్దున బడిలో పాఠాలు, సాయంత్రం స్టేట్ కాంగ్రెస్ సభలు, మధ్యలో దొరికిన కాస్త సమయంలో చరిత్ర. అల్వాల్ జీవరాజు మాస్టరు చదవడానికి కూర్చుంటే శాసనాల రాళ్లు ఆవలించడం మానేసేవట.

1948 సెప్టెంబరులో, యూనియన్ సైన్యం నేడో రేపో వస్తుందని అందరూ గుసగుసలాడుకుంటున్నప్పుడు, నిజాం పోలీసు అమీన్ నర్సింగరావు జవాన్లతో ఆయన ఇంట్లోకి వచ్చాడు. దొరికిన కాగితాలన్నీ తగలబెట్టమని పైనుంచి హుకుం. ఇరవై ఏళ్లుగా రాస్తున్న చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర బల్ల మీదే ఉంది. అది ఒక్కటే ప్రతి.

అగ్గిపెట్టె తీసిన అమీన్ ఒక పుట దగ్గర ఆగిపోయాడు.

"ఏందీ మాస్టరూ, మా తాత చెరువు కింది పొలాలు గుంజుకున్నడని రాసినవ్?"

"దస్తావేజు చూసే రాసిన, అమీన్ సాబ్."

"గది కొట్టెయ్. పుస్తకం ఇడిసిపెడ్త."

మాస్టరు కలం అందించాడు. "మీరే కొట్టెయ్యుండ్రి. కొట్టేసినోళ్లు పక్కన సంతకం పెట్టి తారీఖు వెయ్యాలె. నా తాన గదే రివాజు."

"మొత్తం కాలబెడితే?"

గడప దగ్గర్నుంచి మాస్టరు భార్య సలోమి అంది: "కాలబెట్టినోళ్ల పేరు సుత ఆయనకు యాదుంటది గద సారూ!"

రేపు ఏ సర్కారు వస్తుందో, ఎవరు అడుగుతారో! అమీన్ చేతిలో కలం పుట మీదికి వచ్చి ఆగింది. చివరికి దాన్ని బల్ల మీద పడేశాడు.

"ఏం దొరకలేదని రాసుకోండ్రి," అని జవాన్లకు చెప్పి బయటికి నడిచాడు.

గుర్రాల చప్పుడు దూరమయ్యాక మాస్టరు ఆ పుట అంచున తారీఖు వేసి రాశాడు: "మనవడు చదివాడు. కాదనలేదు."