జానెడు పడుగు

మా బాపు చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెర ఉంటుంది. సాంచా నడిపేవాళ్లందరి దగ్గరా ఉంటుంది. సాంచా అంటే కరెంటు మగ్గం. సూరత్‌లో గుజరాతీలు అలాగే అంటారు, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్లూ అలాగే అంటారు. తెగిన పోగు కొసను సరిచేయడానికీ, ముడి తోకను తీసెయ్యడానికీ ఆ కత్తెర. మొదటి లాక్‌డౌన్ సడలించాక ఒక రోజు షెడ్డు యజమాని శేఠ్ వచ్చి, ఆ కత్తెర తీసి మగ్గాల మీది పోగులు కొయ్యమన్నాడు. బాపు తియ్యలేదు.

అది అర్థం కావాలంటే మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గం మీద నిలువుగా సాగే పోగులు పడుగు. పడుగంతా ఒక పెద్ద బీముకు చుట్టి మగ్గం వెనక అమర్చి ఉంటుంది. ప్రతి పోగూ ముందు పైకీ కిందికీ కదిలే చట్రాల కళ్లలోంచి, తర్వాత దువ్వెన లాంటి పన్నెలోంచి దూరి ముందుకు వస్తుంది. అలాంటి పోగులు వేలు. ఒక్కొక్కటీ కొత్తగా దూర్చాలంటే రోజులు పడతాయి. అందుకే బీము అయిపోయినప్పుడు మావాళ్లు మొత్తం కోసెయ్యరు. చట్రాల వెనక జానెడు పడుగు వదిలేస్తారు. కొత్త బీము రాగానే ఆ పాత కొసలకు కొత్త పోగులు ముడివేసి ముందుకు లాగుతారు. దాన్ని అతుకు అంటారు.

సౌకర్యం కోసం పుట్టిన పద్ధతే. కానీ మా ఇళ్లలో అది సౌకర్యాన్ని దాటిపోయింది. పన్నె ఖాళీ చేయడమంటే ఆ మగ్గం మీద ఇక నేత లేదని చెప్పడం. బాపు ఆ పని జీవితంలో ఒక్కసారే చేశాడు, ఊళ్లో.

ఊళ్లో చేనేత సంఘం నూలు ఇచ్చేది, బట్ట తీసుకునేది. తర్వాత బయటి వ్యాపారానికి దేశం తలుపులు తెరిచారు. నూలు ఎవరు ఎక్కువ ధర ఇస్తే వాళ్లదే అయింది, ఏ దేశం వాళ్లైనా సరే. మా సంఘం ఎక్కువ ఇవ్వలేకపోయింది. మొదట నూలు ఆలస్యంగా వచ్చింది, తర్వాత తక్కువగా వచ్చింది, చివరికి రాలేదు. బాపు గుంట మగ్గం మీది పడుగు కోసేసి సూరత్ రైలెక్కాడు.

నేను ఇక్కడే పెరిగి టెక్స్‌టైల్ డిప్లొమా చదివాను. అందులో ఆర్థిక శాస్త్రం ఒక పేపరు. మార్కెట్‌ను స్వేచ్ఛగా వదిలేస్తే శ్రమ తక్కువ ఉత్పత్తి ఉన్న చోటి నుంచి ఎక్కువ ఉత్పత్తి ఉన్న చోటికి తనంతట తానే కదులుతుందని పుస్తకంలో ఉంది. పరీక్షలో పటం గీసి రాశాను. పటంలో శ్రమ అంటే ఒక బాణం గుర్తు. ఆ బాణం మా బాపు అని గీస్తున్నప్పుడే నాకు తెలుసు. దానికి రైల్లో సీటు దొరకలేదని, మరుగుదొడ్డి పక్కన కూర్చుని వచ్చిందని రాయడానికి ఆ ప్రశ్నలో చోటు లేదు.

లాక్‌డౌన్‌లో మా వీధి సగం ఖాళీ అయింది. బాపు, పక్క గదిలో ఉండే కాక మాత్రం వెళ్లలేదు. కాక బాపు ఊరివాడే, వరసకు తమ్ముడు. షెడ్డులో ఉన్న ఎనిమిది పాత సాంచాలను ఇద్దరూ చెరో నాలుగు నడిపేవారు. షెడ్డు తెరుచుకుంటుందని నెలల తరబడి ఎదురుచూశారు. తెరుచుకుంది. తెరిచిన వారంలోనే శేఠ్ వాటిని తుక్కుకు అమ్మేస్తానని చెప్పాడు.

శేఠ్ చెడ్డవాడు కాదు. అతని లెక్క నాకు అర్థమైంది. బయటి దేశం నుంచి వచ్చే పాలిస్టర్ బట్ట మేం నేసే గ్రే బట్ట, అంటే ఇంకా రంగు అద్దని బట్ట కన్నా చవక. బయటి దేశం నుంచే వచ్చే వాటర్‌జెట్ మగ్గాలు, అంటే నీటి ధారతో అడ్డపోగును విసిరేవి, మా సాంచాల కన్నా ఎన్నో రెట్లు వేగం. కొత్తవి కొంటే సర్కారు సాయం ఉంది, పాతవి ఉంచుకుంటే లేదు. సూరత్ పక్కనే కడోదరాలో నేను పనిచేసేది అలాంటి వాటర్‌జెట్ మిల్లులోనే. వాటి సామర్థ్యం మీద నాకు కోపం లేదు, అది నా జీతం. కానీ ప్రతి లెక్కలోనూ తీసివేత గుర్తు తర్వాత మావాళ్లే ఎందుకుండాలన్నది నా ప్రశ్న.

పాలిస్టర్ దారం ఇచ్చి నేయించుకునే వ్యాపారి తన సరుకు తాను తీసుకుపోయాడు. శేఠ్ చెప్పినట్టే బాపు, కాక మిగిలిన బీములు దించి ఇచ్చారు. మర్నాడు తుక్కు కొనే భంగార్‌వాలా టెంపో వేసుకుని వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మా మిల్లులో అప్పుడు రోజు విడిచి రోజు పని.

భంగార్‌వాలా మొదటి సాంచా దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. వెనక్కి తిరిగాడు.

"శేఠ్, ఇస్‌మే తో ధాగా హై."

ఎనిమిదింటి మీదా జానెడు పడుగు వేలాడుతోంది. బీములు దించిన చేతులు అలవాటు ప్రకారం కొసలు వదిలేశాయి. బాపుకు ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. కాక వైపు చూశాడు.

"నువ్వు గూడ ఇడిశినవారా?"

"నువ్విడిశినవని నేనిడిశిన. నాకేమెరుక?"

ధాగా అంటే దారం. అది ఉన్న మగ్గాన్ని భంగార్‌వాలాలు ముట్టరు. దారం ఉందంటే ఎవరో వ్యాపారి సరుకు దాని మీద ఉన్నట్టు లెక్క, రేపు దొంగతనం అంటే తమ మెడకు చుట్టుకుంటుంది. ఇతను ఒకసారి అలాగే పోలీస్ చౌకీలో కూర్చుని వచ్చాడట. "సాఫ్ చేసివ్వండి, అప్పుడు ఎత్తుతా" అన్నాడు.

శేఠ్‌కు విసుగొచ్చింది. "అరే మాస్టర్, కాట్ దో నా. రెండు నిమిషాల పని."

శేఠ్ మాట్లాడేది హిందీ. బాపు కూడా హిందీలోనే మొదలుపెడతాడు, కోపం వస్తే తెలుగులోకి దిగుతాడు. శేఠ్‌కు ఇన్నేళ్లుగా రెండూ అర్థమవుతున్నాయి.

"నహీ శేఠ్. ఎక్కియ్యమంటే ఎక్కిస్త, అతకమంటే అతుకుత. కొయ్యుడు నా పని గాదు."

"నీది కాదంటే ఎవరి పని?"

"సాంచాలు నీయి. కత్తెర నాది. నీకు గంత జల్దుంటె నువ్వే కొయ్యి."

శేఠ్ కాక వైపు చెయ్యి చాచాడు. కాక రెండు జేబులూ తడుముకుని, "నాది ఇంట్ల మర్శిన శేఠ్" అన్నాడు. కత్తెర పిడి అతని చొక్కా జేబులోంచి కనిపిస్తూనే ఉంది. భంగార్‌వాలా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

అప్పుడు శేఠ్ నన్ను చూశాడు. "నీ కొడుకుకు చదువుంది. కొత్త మెషిన్లు రాగానే ఇక్కడే సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటా. నష్టం ఎక్కడుంది మాస్టర్? బాప్ గయా, బేటా ఆయా."

బాపు నావైపు చూడలేదు. జవాబు నేనే ఇవ్వాలి.

"శేఠ్, మీ కొత్త మెషిన్లు నడపడానికి వస్తా. బాపు ఈ సాంచాల మీద పనిచేస్తుంటే వస్తా. ఆయనను పంపించి వేసిన కుర్చీలో మాత్రం కూర్చోను."

"బాప్ రే, ఇద్దరూ ఒకటే" అన్నాడు శేఠ్. భంగార్‌వాలాకు వేరే చోట సరుకు ఉంది. వచ్చే వారం వస్తానని వెళ్లిపోయాడు. ఆ లోపల ఎవరినైనా పిలిచి మగ్గాలు సాఫ్ చేయిస్తానని శేఠ్ అన్నాడు. వీధిలో పనివాళ్లే లేరు, ఎవరిని పిలుస్తాడు?

అలా మాకు ఒక వారం దొరికింది.

దారి చూపింది అమ్మ. ఆమె ఇంట్లో కుట్టు మిషను మీద మాస్కులు కుట్టి వీధిలో అమ్మేది. బట్ట మా షెడ్డుదే, పాలిస్టర్ ముక్కలు. ఆ రోజు అన్నం పెడుతూ తిట్టడం మొదలుపెట్టింది.

"గీ గుడ్డ మూతికి కట్టుకుంటే కరోనా రాకముందే పాణం పోతది. గాలాడది. నూలు దస్తీ ఉందా అని అందరు అడుగుతుండ్రు. యాడికెళ్లి తెద్దు? గింత పెద్ద సూరత్‌ల జానెడు నూలు గుడ్డ దొరుకుతలేదు."

దస్తీ అంటే మావాళ్లు భుజాన వేసుకునే, మొహానికి కట్టుకునే చిన్న తువ్వాలు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే నాకు ఒక విషయం తట్టింది. వాటర్‌జెట్ మీద నూలు బట్ట నేయలేం. నూలు నీటిని పీల్చుకుని బరువెక్కి తెగుతుంది. నీటితో నడిచే యంత్రానికి తడవని దారమే కావాలి. చుట్టూ ఉన్న వేగమైన యంత్రాలేవీ అమ్మ అడిగిన గుడ్డ ఇవ్వలేవు. శేఠ్ తుక్కు అంటున్న ఎనిమిది సాంచాలు ఇవ్వగలవు.

మా మిల్లు పక్కనే ఒక చిన్న తువ్వాళ్ల కార్ఖానా మూతబడి ఉంది. దాని యజమాని గోదాములో నూలు పడుగు చుట్టిన బీములు ఆరు అలాగే ఉండిపోయాయని నాకు తెలుసు, రోజూ ఆ గోదాము అరుగు మీదే టిఫిన్ తినేవాణ్ని. వెళ్లి అడిగాను. నూలు ఆయనది, నేత మాది, మీటరుకు ఇంత అని మజూరీ. ఎలుకలు కొరికేకన్నా నయం అన్నాడు ఆయన. ఆ మజూరీ ఎప్పటిలాగే శేఠ్ చేతికి వెళుతుందని, అందులోంచి తమ కూలీ తీసుకుంటామని బాపు ముందే తేల్చేశాడు. "మనం దొంగతనం జేస్తలేం. శేఠ్ సాంచా, శేఠ్ కరెంటు. పని మనది. గంతే."

షెడ్డు తాళం బాపు దగ్గరే ఉంటుంది. మా మిల్లుకు వారపు సెలవు రోజు పొద్దున్నే నలుగురం కూర్చున్నాం. వేళ్లకు బూడిద అద్దుకుని ముడి వేస్తే జారదు. పాలిస్టర్ పోగులు సన్నం, పన్నెలో కిక్కిరిసి ఉంటాయి. నూలు పోగు లావు, కాబట్టి వాటిలో సగమే కావాలి.

"ఒకటి ఇడిశి ఒకటి" అన్నాడు కాక. లెక్క సరిపోయింది. నేనూ సరే అన్నాను. మధ్యాహ్నానికి మొదటి సాంచా ముళ్లన్నీ అయ్యాయి. లాగేముందు బాపు చక్రం చేత్తో తిప్పి చూశాడు. నూలు కట్టిన పోగులన్నీ ఒకేసారి పైకి లేచాయి. మళ్లీ తిప్పాడు. అన్నీ ఒకేసారి దిగాయి.

బట్ట కావాలంటే పక్కపక్క పోగుల్లో ఒకటి లేచినప్పుడు ఒకటి దిగాలి, మధ్యలోంచి అడ్డపోగు వెళ్లాలి. ఒకటి విడిచి ఒకటి కట్టేసరికి, లేచేవన్నీ ఉంచుకుని దిగేవన్నీ వదిలేశాం.

"మీటింగుల చేతులెత్తినట్టు లేస్తున్నయి గదనే!" అన్నాడు కాక.

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ముగ్గురు మొగోళ్లు కూసోని పొద్దంత కట్టిండ్రు. ఒక్కలకన్న సోయుండద్దా?"

"నువ్వు గూడ కడితివి గదనే" అన్నాడు బాపు.

"నేను మీ మొకాలు సూశి కట్టిన."

నేను నేల మీద సుద్దతో గీశాను. రెండు కట్టి రెండు వదిలితే లేచేదీ దిగేదీ రెండూ ఉంటాయి. బాపు వదిలేసిన పాత పోగులను ఇంకా లాగి పారెయ్యలేదు, అది అతని చేతులకు రాదు. అందుకే బతికిపోయాం. సగం ముళ్లు తెంపి పక్క పోగుకు మార్చాం. వదిలిన చోటల్లా బట్టలో సన్నటి సందు వచ్చింది. జంట గీతల్లా కనిపించే ఆ సందుల్లోంచి గాలి ఆడుతుంది. అమ్మ మొదటి గజం మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. "గిది గుడ్డంటే" అంది.

వారం తిరిగి శేఠ్, భంగార్‌వాలా వచ్చేసరికి ఆరు సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో శేఠ్ ఏం అరిచాడో మొదట వినపడలేదు. బాపు మగ్గాలు ఆపలేదు. శేఠే దగ్గరికి వచ్చాడు.

"కిస్‌కా మాల్ హై?"

బాపు తువ్వాళ్ల కార్ఖానా యజమాని ఇచ్చిన రసీదు చూపించాడు. "పరాయి మాల్ శేఠ్. మజూరీ నీకే వస్తది. బీము ఎక్కినంక సాంచా అమ్మరాదు. కానూను నాది గాదు, మీ బజారుదే."

శేఠ్ భంగార్‌వాలా వైపు చూశాడు. అతను చేతులు ఎత్తేశాడు. శేఠ్ మొహం ఎర్రబడింది. నన్నడగకుండా నా షెడ్డులో, అని మొదలుపెట్టాడు. అంటూనే బట్ట కొసను వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. అతను వ్యాపారి. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

"మీటర్ కిత్నా?"

నేను చెప్పాను. అతను మనసులో ఏదో కూడుకున్నాడు. "ఈ బీములు ఉన్నంతవరకే" అన్నాడు.

"అయిపోతే మళ్ల ఎక్కిస్తం" అన్నాడు బాపు.

"ఎక్కడి నుంచి తెస్తావ్?"

"అది నా కొడుకు సూస్తడు. చదువుకున్నడని నువ్వే అంటివి గద."

బీములు లేని రెండు సాంచాలు ఆ రోజే టెంపో ఎక్కాయి. వాటి మీది పోగులు బాపు కొయ్యలేదు, కాక కొయ్యలేదు. శేఠే బాపును కత్తెర అడిగి తీసుకుని వంకరటింకరగా కోశాడు. బాపు కత్తెర తిరిగి తీసుకుని చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రెండూ నిలబడ్డాయని చెప్పుకోగలిగితే బాగుండేది. నిలబడలేదు.

ఆరు నిలబడ్డాయి. షెడ్డులో ఖాళీ అయిన వైపు తర్వాత వాటర్‌జెట్లు వచ్చాయి. నేను ఇప్పుడు వాటికి సూపర్‌వైజర్‌ని. నా కుర్చీలోంచి చూస్తే గోడ పక్కన బాపు, కాక చెరో మూడు సాంచాల మధ్య తిరుగుతూ కనిపిస్తారు. రెండో వేవ్‌లో మా దస్తీ సరిపోనంత గిరాకీ వచ్చింది. డుమస్ సముద్రపు ఒడ్డున భజియాలు తినేవాళ్ల మెడలో మన జంటగీతల దస్తీ చూశానని కాక ఇప్పటికీ చెప్పుకుంటాడు. తర్వాత గిరాకీ తగ్గింది, మళ్లీ పెరిగింది. బీముల కోసం ప్రతి నెలా తిరుగుతున్నాను. ఏ నెలా తేలిక కాదు.

ఆ బాణం పటం ఇప్పుడు గీయమంటే గీస్తాను. బాణం ఎటు వెళ్లాలో బాణాన్ని కూడా అడగాలని కింద రాస్తాను. మార్కులు పోతే పోతాయి.

భంగార్‌వాలా ఇప్పటికీ మా వీధి మీదుగానే వెళతాడు. షెడ్డు ముందు టెంపో నెమ్మది చేసి, తుక్కేమైనా ఉందేమోనని తల లోపలికి పెడతాడు.

"మాస్టర్, హై క్యా కుఛ్?"

బాపు చెయ్యి మగ్గం మీంచి తియ్యకుండానే జవాబిస్తాడు.

"ధాగా హై. నడువ్!"