నీళ్ళకి వదిలిన మాటలు

దెయ్యాలూ గియ్యాలూ అంటే పగలబడి నవ్వే మనిషిని నేను. ఫోన్లలో యాప్‌లు తయారుచేయడం నా పని. ఏ వింత జరిగినా కోడ్‌లో తప్పెక్కడుందా అని వెతుకుతానే తప్ప తాయెత్తు కట్టించుకునే రకాన్ని కాదు. ఇప్పుడు ఇది చెబుతున్నది ఆ తప్పు దొరక్కే.

మాది కొల్లేరు పక్క ఊరు. ఏలూరులో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. మనసులో బాధ రాసుకుంటే బరువు దిగుతుందట, అందుకో యాప్ చేయమన్నారు. డిజైన్ నాదే. మా వైపు అస్థికలు నీళ్ళలో కలిపాక వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. యాప్‌లోనూ అదే పెట్టాను. రాశాక "నీళ్ళకి వదులు" అని నొక్కితే అక్షరాలు అలల్లో కరిగిపోతాయి. ఎక్కడా దాచదు. మళ్ళీ తెచ్చుకోవడానికి బటన్ లేదు. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

ముందుగా మా వదిన ఫోన్లో వేశాను. అన్నయ్య చేపల చెరువు మీద నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ మోటారు బాగుచేస్తూ కరెంటు షాక్‌తో పోయాడు. అప్పట్నుంచీ వదిన తిండీ నిద్రా మానేసి గోడకి ఆనుకుని కూర్చునేది. ముప్పై దాటని మనిషి. ఈవిడా మాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

రోజూ ఒక వేలితో టైప్ చేసేది. పెళ్ళిచూపులు, గూడెం టౌన్లో కాపురం పెట్టిన గది, అన్నయ్య కోపాలు. కొన్ని నాకు చదివి వినిపించి మరీ వదిలేది. కొన్నాళ్ళకి కడుపునిండా అన్నం తింది. నవ్వింది కూడా. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

తరవాత ఒకరోజు గోడమీద ఫోటో తుడుస్తూ అడిగింది, "ఈయనెవరే సుజాతా?" అని.

అది అన్నయ్య ఫోటో.

ఏలూరులో పెద్ద డాక్టరుగారికి చూపించాం. స్కానింగులో ఏమీ లేదు. "దుఃఖం కొందరిలో ఇలా చేస్తుందండీ," అన్నారాయన. పుట్టింటి సంగతులూ, పక్కింటివాళ్ళతో పడ్డ గొడవా పూసగుచ్చినట్టు చెబుతుంది వదిన. గూడెం గది గుర్తుంది, అందులో తనతో ఎవరున్నారో గుర్తులేదు. నాకు వినిపించి వదిలిన వాటిలో అన్నయ్య ఒక్కచోటా ఆమెకి గుర్తు మిగల్లేదు.

అదే యాప్ చాలామంది వాడారు. నేనూ వాడాను. ఎవరికీ ఏమీ కాలేదు. కోడ్ అంతా గాలించాను, అక్షరాలు చెరపడం తప్ప అది చేసేదేమీ లేదు.

అన్నయ్య గురించి మొదట్నుంచీ చెప్పి చూశాను. అంతా శ్రద్ధగా విని, "పాపం, మంచాయనలా ఉన్నారే," అంది.

పోనీ, బాధైనా పోయిందా అంటే అదీ లేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం క్యారేజీ సర్దుకుని, చెరువు గట్టు కేసి చూస్తూ గుమ్మంలో నిలబడుతుంది. అన్నయ్యకి అన్నం పంపే వేళ అది.

"ఎవరికి వదినా?" అన్నాను.

"తెలీదే. ఎవరో ఆకలితో ఉన్నారనిపిస్తోంది."

కళ్ళనిండా నీళ్ళు. ఎందుకో ఆమెకే తెలియదు. ఫోన్ చేతికిస్తే చాలాసేపు పట్టుకుని కూర్చుంటుంది. రాయడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఏమీ లేదు.